ఎన్ లైనా? రేసరా?

ఆదివారం. 2024 డిసెంబరు. పొద్దున్న తొమ్మిది దాటింది. భవానీపూర్‌లో హరీష్ ముఖర్జీ రోడ్డు మీద, బల్వంత్ సింగ్ ఈటింగ్ హౌస్ ముందు, మట్టి ముంతలో టీ పట్టుకుని నిలబడ్డారు మీరు. పక్కనే మీ నాన్న. కోల్‌కతా వచ్చిన మర్నాడే ఇక్కడివాళ్లను చూసి ఓ మంకీ క్యాప్ కొనుక్కున్నాడు. ఇప్పుడది గడ్డం దాకా దిగింది. పలాస డిపోలో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన చూపు టీ మీద లేదు, రోడ్డు మీద ఉంది. మినీబస్సు ఒకటి రోడ్డుకు సగం అడ్డంగా ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంటే, "ఈడికి ఛార్జిషీటు ఇచ్చేవోడే లేడేటి?" అంటున్నాడు.

మీ ఫోన్‌లో హెచ్‌ఆర్ పంపిన మెయిల్ తెరిచే ఉంది. ఇప్పుడున్న లీజు కారు గడువు నెలాఖరుకు తీరిపోతుంది. కొత్తదానికి రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, రెండోది టాటా ఆల్ట్రోజ్ రేసర్. నెలసరి అద్దెలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏదో బుధవారంలోగా తేల్చి చెప్పమన్నారు.

"అద్దె కారుకి ఇంత ఆలోచనేటమ్మా? నచ్చకపోతే ఇచ్చేద్దువు గాని" అంటాడు నాన్న.

"నాలుగేళ్లు నడపాలి నాన్నా. మధ్యలో ఇచ్చేస్తే జరిమానా కట్టాలి."

"అలాగైతే అది అద్దె కాదు, సంసారం" అని ముంత కింద పడేశాడు.

కాగితం మీద చూస్తే ఈ రెంటినీ విడదీయడం కష్టమే. ఎన్ లైన్‌లో 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో, రేసర్‌లో నెక్సాన్ నుంచి తెచ్చి పెట్టిన 1199 సీసీ మూడు సిలిండర్ల టర్బో. శక్తి రెండింటికీ 120 పీఎస్. టార్క్ ఒకదానికి 172 న్యూటన్ మీటర్లు, ఇంకోదానికి 170. పొడవు 3995 మిల్లీమీటర్లు, 3990 మిల్లీమీటర్లు. ఆ చివరి అంకెలు కాకతాళీయం కావు. మన దేశంలో చిన్నకారు ఎక్కడ ఆగాలో గీత గీసింది ఇంజనీరు కాదు, ఆర్థికమంత్రి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అప్పటినుంచి ప్రతి కంపెనీ ఆ గీతకు అంగుళం దూరంలో బంపర్ ఆపుతోంది. జీఎస్టీ వచ్చినా గీత చెరగలేదు. 2024 డిసెంబరులో ఆ లోపలివాటికి సెస్‌తో కలిపి 29 శాతం పన్ను ఉండేది. గీత దాటిన పెద్ద ఎస్‌యూవీలకు 50 దాకా పోయేది. కాబట్టి మన దగ్గర 'హాట్ హ్యాచ్', అదే హుషారైన చిన్నకారు, అంటే ఆ గీత లోపల ఎంత వేడి పుట్టించగలిగితే అంత.

పుట్టించినవాళ్లు లేకపోలేదు. 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది. 2015లో 145 పీఎస్‌తో అబార్త్ పుంటో, 2017లో బలేనో ఆర్‌ఎస్. అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు, కొనాల్సినవాళ్లు కొనలేదు, మూడూ పోయాయి. 1976లో జర్మనీలో గోల్ఫ్ జీటీఐ 110 పీఎస్‌తో వచ్చి ఈ జాతికే పేరు తెచ్చింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత భవానీపూర్‌లో మీకు అంతకంటే పది ఎక్కువ దొరుకుతోంది. కాకపోతే ఆ గోల్ఫ్ చాలా తేలిక. దాని ముందు మధ్యాహ్నానికి దిశ మార్చుకునే వన్‌వేలు కూడా లేవు.

హారన్ మోగింది. టెస్ట్ డ్రైవ్‌కు నీలం రంగు ఎన్ లైన్ వచ్చి ఆగింది. దిగిన షోరూమ్ బెంగాలీ కుర్రాడు మీకు "గుడ్ మార్నింగ్ మ్యాడమ్", నాన్నకు "నొమొష్కార్ కాకు" చెప్పాడు. నాన్న మాట్లాడకుండా కారు చుట్టూ ఓసారి తిరిగి, వెనక చక్రం దగ్గర వంగాడు.

"ఎనకాల కూడా డిస్కులే" అన్నాడు, లేస్తూ. గొంతులో గౌరవం వినబడుతోంది.

మీరు డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. నల్ల లోపలి భాగం, ఎర్ర దారం కుట్టు, చేతికి నిండుగా ఇమిడే స్టీరింగ్. క్లచ్ తొక్కితే దాదాపు బరువే లేదు. ఫస్టు గేరు పడిన చప్పుడు కూడా రాలేదు. రోడ్డు మీదికి తిప్పారు. ముందు చేతిరిక్షా, దాని ముందు పసుపు అంబాసిడర్ టాక్సీ. ఉత్తరపాడాలో దాని తయారీ 2014 మేలోనే ఆగిపోయింది, టాక్సీ మాత్రం ఆగలేదు. ఈ నత్తనడకలో ఎన్ లైన్ సంగతి తెలుస్తోంది. 1500 ఆర్‌పీఎం దగ్గరే టర్బో అందుకుంటుంది కాబట్టి సెకండ్ గేరులో పాకుతున్నా గొణగదు. టాక్సీ పక్కకు జరగగానే సందులోంచి చటుక్కున దూరింది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరిగింది. మీకు నవ్వొచ్చింది. ఇంకా పీజీ ఆసుపత్రి దాటనేలేదు.

దాని ముందు రోడ్డు గతుకు ఒకటి వచ్చింది. దబ్ మంది. మామూలు ఐ20 కంటే దీని సస్పెన్షన్ బిగువు. వెనక సీట్లోంచి "ఊఁ" అని ఒక్కటే ధ్వని. బస్సు సీట్లో జీవితం గడిపిన నడుము అది, అబద్ధమాడదు.

విక్టోరియా మెమోరియల్ పక్కగా మైదానంలోకి వచ్చారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తెల్ల బట్టల్లో క్రికెట్ కుర్రాళ్లు, మేస్తున్న మేకలు, గుర్రబ్బగ్గీలు. రెడ్ రోడ్డు నిటారుగా ముందుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఈ రోడ్డు మీదినుంచే యుద్ధవిమానాలు లేచేవి. మీది విమానం కాదు, పక్కన ట్రాఫిక్ పోలీసు ఉన్నాడు, వేగపరిమితి ఉంది. అయినా సెకండ్ నుంచి థర్డ్‌కు మారే ఆ మూడు నాలుగు సెకన్లు మీవే. జంట సైలెన్సర్ల గొంతు బొంగురుగా మారింది, వీపు సీటుకు ఆనింది. కుర్రాడు గర్వంగా, "ఎన్ మ్యాడమ్, ఎన్!" అన్నాడు.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. హ్యుందాయ్ అసలు 'ఎన్' కార్లు వేరు. కొరియాలో నామ్‌యాంగ్, జర్మనీలో న్యూర్‌బర్గ్‌రింగ్, ఆ రెండు పేర్ల తొలి అక్షరం అది. యూరప్‌లో అమ్మిన అసలు ఐ20 ఎన్‌కు 1.6 లీటర్ల ఇంజన్, 204 పీఎస్. అది మనకు రాలేదు. 2021లో మనకొచ్చింది ఆ ఇంటిపేరు పెట్టుకున్న దూరపు చుట్టం. కుర్రాడికి ఇది చెప్పాలనిపించింది మీకు, ఉద్యోగం పాడుచేయడమెందుకని ఊరుకున్నారు.

తిరిగొచ్చాక నాన్న వంతు. షోరూమ్ రూలు ప్రకారం లైసెన్సు చూపించాడు. సందు చివరిదాకా పోయి వచ్చాడు, అంతే. మలుపు దగ్గర సైకిల్ అడ్డొస్తే బ్రేకు తొక్కాడు. కారు ముక్కు పెద్దగా వంగకుండా నిలబడిపోయింది. దిగి తాళం మీ చేతికిస్తూ, "ఆగడం తెలిసిన బండి. ఎల్లడం ఏ బండికైనా వస్తాది" అన్నాడు.

ఏడు స్పీడ్ల ఆటోమేటిక్ కూడా ఉంది, అది తీసుకోండి, ఊళ్లో హాయి అన్నాడు కుర్రాడు. హాయే. కానీ అది పొడి క్లచ్‌ల డీసీటీ, అంటే జంట క్లచ్‌ల గేరుపెట్టె. ఎండాకాలం సాయంత్రం, నిండా ట్రాఫిక్‌లో గంటసేపు అడుగడుక్కీ కదిలిస్తూ ఆపుతూ ఉంటే అలాంటి పెట్టె వేడెక్కుతుంది. కాలికి సుఖం కావాలంటే మామూలు ఆటోమేటిక్‌లు బోలెడున్నాయి. ఇలాంటి కారు తీసుకుని క్లచ్ వదులుకోవడం నా లెక్కలో దండగ.

గంట తర్వాత మీ ఇంటి ముందుకే, ఇంకో షోరూమ్ కుర్రాడితో, రేసర్ వచ్చింది. నారింజ రంగు, నల్ల బానెట్, దాని మీద రెండు తెల్ల చారలు. వీధి వీధంతా చూసింది. పై అంతస్తు బాల్కనీలోంచి ఇంటి ఓనరు మాషిమా కూడా తొంగిచూసింది. డోరు తీస్తే తొంభై డిగ్రీలు తెరుచుకుంది. నాన్న తల వంచకుండానే వెనక సీట్లో సర్దుకుని, కాళ్లు చాపి, "ఆఁ, ఇది సీటు" అన్నాడు.

క్లచ్ ఎన్ లైన్ కంటే బరువు. గేరు కాస్త చెప్పించుకుని పడింది. బయల్దేరగానే లోటు తెలిసిపోయింది. 2000 ఆర్‌పీఎం లోపల ఇంజన్ బద్ధకిస్తోంది. ఎల్గిన్ రోడ్డు కూడలిలో బస్సు వెనక సెకండ్‌లో వదిలేస్తే గొణిగింది, ఫస్ట్‌కు దింపాల్సి వచ్చింది. టాటా దగ్గర తడి క్లచ్‌ల మంచి ఆటోమేటిక్ పెట్టె ఉంది, మామూలు ఆల్ట్రోజ్‌కు ఇచ్చింది. రేసర్‌కు మాత్రం ఇవ్వలేదు. వెనక బ్రేకులు డ్రమ్ములే. నాన్న అవి ఎక్కకముందే చూశాడు, ఏమీ అనలేదు.

ఈసారి విద్యాసాగర్ సేతు ఎక్కి దిగి వద్దామన్నారు మీరు. కుర్రాడు కాస్త నసిగి ఒప్పుకున్నాడు. సేతు మీదికి ఎక్కుతుంటే కథ మారింది. మూడో గేరులో, 2500 దాటాక, రేసర్ ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంది. హుగ్లీ మీది గాలి అడ్డంగా కొడుతున్నా కారు గీత తప్పలేదు. అతుకుల దగ్గర ఎన్ లైన్ అయితే లెక్కపెట్టి చెప్పేది, ఇది మింగేసింది. భారత్ తొలి ఫార్ములా వన్ డ్రైవర్ నరేన్ కార్తికేయన్ కోయంబత్తూరు కోస్ట్ ట్రాక్ మీద ఈ కారుతోనే 2 నిమిషాల 21 సెకన్ల పైచిలుకు ల్యాప్ తీశాడని కుర్రాడు చెప్పాడు. నిజమే, కంపెనీ ఆ రికార్డును బాగానే చాటుకుంది. మీకు ట్రాక్ అక్కర్లేదు. ఈ వంతెన అవతల కోనా ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని ముందుకుపోతే 16వ నంబరు జాతీయరహదారి. ఖరగ్‌పూర్, బాలేశ్వర్, భువనేశ్వర్, ఇచ్ఛాపురం, పలాస. ఆరొందల కిలోమీటర్ల పైమాటే. సంక్రాంతికి మీరు నడిపేది ఆ దారి.

టాటా కారులో కూర్చుని ఈ ఊళ్లో తిరుగుతుంటే సింగూరు గుర్తురాక మానదు. నానో ఫ్యాక్టరీ అక్కడ దాదాపు కట్టేశాక, భూముల ఉద్యమం తట్టుకోలేక 2008 అక్టోబరులో రతన్ టాటా గుజరాత్‌లోని సానంద్‌కు తరలిపోయాడు. ఆ ఉద్యమాన్ని నడిపిన మమతా బెనర్జీ ముఖ్యమంత్రి అయ్యాక, 2011 ఉపఎన్నికలో గెలిచింది ఈ భవానీపూర్ నుంచే. ఆ భూసేకరణ చెల్లదని 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నష్టపరిహారం కింద టాటా మోటార్స్‌కు 765.78 కోట్లు ఇవ్వాలని 2023లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ రాష్ట్ర సంస్థను ఆదేశించింది. వీధిలో మాత్రం ఎవరూ పట్టించుకోరు. జదుబాబు బజార్ ముందు ఆగితే కూరగాయల కుర్రాడు అడిగింది ఒక్కటే: "దీదీ, దీని టాప్ స్పీడ్ ఎంత?" నాన్న అడిగేదీ ఒక్కటే: "లీటరుకెంతిస్తాదమ్మా?"

కార్లు వెళ్లిపోయాయి. ఇంట్లోకి పోకుండా నాన్నను ఎల్గిన్ రోడ్డుకు నడిపించారు. దాని ఇప్పటి పేరు లాలా లజపతిరాయ్ సరణి. ఇక్కడి మెట్రో స్టేషన్ 1984 అక్టోబరు 24న భవానీపూర్ పేరుతో తెరుచుకుంది. దేశంలో తొలి మెట్రో రైలు ఎస్‌ప్లనేడ్ నుంచి వచ్చి ఆగింది ఇక్కడే. ఇప్పుడది నేతాజీ భవన్ స్టేషన్. అసలు నేతాజీ భవన్ రెండడుగుల దూరం. లోపల అద్దాల వెనక నల్లగా మెరుస్తూ ఒక కారుంది. వాండరర్ డబ్ల్యు24. నాలుగు సిలిండర్లు, 42 పీఎస్.

1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక, ఇంటి బయట నిఘా ఉండగానే, సుభాష్ చంద్రబోస్ మహమ్మద్ జియాఉద్దీన్ అనే బీమా ఉద్యోగి వేషంలో ఈ కారెక్కాడు. నడిపింది అన్న శరత్ బోస్ కొడుకు శిశిర్, అప్పటికి ఇరవై ఏళ్ల మెడికల్ విద్యార్థి. అతని ముందూ రెండు కార్లుండేవి. రెండోది స్టూడిబేకర్ ప్రెసిడెంట్. పెద్దది, బలమైనది. కానీ ఊరంతటికీ అది శరత్ బోస్ కారని తెలుసు. వాండరర్ చిన్నది, ఎవరి కంటా పడనిది. శిశిర్ ముందే బర్ద్వాన్ దాకా నడిపి, తిరిగొచ్చి, అది తట్టుకుంటుందని చూసుకున్నాడు. తెల్లారేసరికి ధన్‌బాద్ దాపుకు, మర్నాటి రాత్రి గోమో స్టేషన్‌కు చేర్చాడు. అక్కడినుంచి కాల్కా మెయిల్. 2017లో ఆడీ వాళ్లు ఈ బండిని బాగుచేయించాక రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు.

నాన్న అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. "రాత్రంతా ఒక్కడే తోలాడా? ఇరవై ఏళ్ల కుర్రోడు? చలికాలం, పొగమంచు..." తలూపాడు. "బండి కాదమ్మా. ముందు ఓసారి తోలి చూసుకున్నాడు చూడు, అదీ."

ఇంటికొచ్చారు. మాషిమా వాళ్ల గేటు అంబాసిడర్ కాలంలో పెట్టింది. నాన్న టేపు అడిగి తీసుకుని రెండు స్తంభాల మధ్య కొలిచాడు. ఎన్ లైన్ వెడల్పు 1775 మిల్లీమీటర్లు, ఆల్ట్రోజ్ 1755. అద్దాలు మడిస్తే రెండూ పడతాయి. రెండోది ఊపిరి తీసుకుంటూ పడుతుంది.

లీజు లెక్క చెప్పమన్నాడు. గేటు దగ్గరే చెప్పారు. అద్దె, బీమా, మెయింటెనెన్స్ జీతంలోంచి పన్నుకు ముందే పోతాయి. సొంత పనులకూ వాడుకుంటాం కాబట్టి ఆదాయపు పన్ను శాఖ ఆ సౌకర్యానికి ఓ విలువ కడుతుంది. ఖర్చులు కంపెనీయే పెట్టుకుంటే, ఇంజన్ 1.6 లీటర్లలోపైతే అప్పట్లో నెలకు 1800 రూపాయలు, పైనైతే 2400. డ్రైవరును కూడా ఇస్తే ఇంకో 900. మీ 1800 మీద 30 శాతం పన్ను, దానిమీద సెస్ కలిపితే నెలకు 562 రూపాయలు. రెండు కార్లకూ ఇదే. కారు మాత్రం లీజు కంపెనీ పేరు మీదే ఉంటుంది. ఇంజన్ ట్యూనింగ్ మార్చకూడదు, సైలెన్సర్ మార్చకూడదు. నాలుగేళ్లయ్యాక మిగిలిన విలువ కట్టి కొనుక్కోవచ్చు, లేదా ఇచ్చేయొచ్చు. ఈ మధ్యలో ఉద్యోగం మారితే ముందస్తు ముగింపు రుసుము. కొటేషన్ చివర చిన్నక్షరాల్లో ఉన్నది అదే.

"నీకేది నచ్చింది?"

"ఊళ్లో ఎన్ లైన్, నాన్నా. నిజం చెప్తే నవ్వొచ్చింది నడుపుతుంటే."

"ఊళ్లో నువ్వు ఎక్కడ తోల్తావు? రోజూ మెట్రోలోనే గదా పోతున్నావు."

అది నిజం. కారు బయటికి తీసేది సెలవు రోజుల్లోనే. ఎక్కువ కిలోమీటర్లు పడేది ఊరి దారిలోనే.

అప్పుడు చెప్పారు, ఆయనకు ఇంకా చెప్పనిది. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ కార్లను ఢీకొట్టించి చూసినప్పుడు 2020లో ఆల్ట్రోజ్‌కు ఐదు నక్షత్రాలు వచ్చాయి. 2022లో ఐ20కి మూడు. అప్పుడు పరీక్షించిన రెంటిలోనూ ఎయిర్‌బ్యాగులు రెండే, ఇప్పుడు రెంటిలోనూ ఆరు. కానీ ఐ20 బాడీ తట్టుకునే తీరు నిలకడగా లేదని అప్పటి నివేదిక చెప్పింది.

నాన్న టేపు చుట్టేశాడు. కాసేపు మాట్లాడలేదు. సర్వీసులో ఆ హైవే మీద ఆయన ఏమేం చూశాడో మీకు పూర్తిగా చెప్పలేదెప్పుడూ.

"ఆ నీలం బండి బ్రేకు మంచిది. కాదన్ను. కానీ నీ బ్రేకు నీ కాలి కింద ఉంటాది. ఎదుటోడి బ్రేకు నీ కాలి కింద ఉండదు గదమ్మా."

మీరు మెయిల్ తెరిచి రేసర్ అని రాశారు. నారింజ వద్దు, తెలుపు చాలన్నారు. చారలు దానికీ తప్పవు.

ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. నడిపే ఆనందంలో ఎన్ లైన్ మాన్యువలే మేలు. రోజూ ఊళ్లోనే నడిపేవాళ్లకు నేను చెప్పేది కూడా అదే. రాత్రిపూట లారీల మధ్య, పొగమంచులో, వెనక సీట్లో తల్లిదండ్రులతో వందల కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు మాత్రం రేసరే. 2000 ఆర్‌పీఎం లోపలి బద్ధకాన్ని ఓ గేరు తగ్గించి దాటొచ్చు. బాడీ బలాన్ని తర్వాత తెచ్చి బిగించుకోలేం.

ఇది జరిగాక తొమ్మిది నెలలకు, 2025 సెప్టెంబరు 22న, ఈ తరగతి కార్ల మీద పన్ను 29 నుంచి 18 శాతానికి దిగింది. ఇప్పుడు లీజు రాసుకోబోయేవాళ్లు, అద్దె ఏ పన్నుతో లెక్కగట్టారో, ఉద్యోగం మారితే ఎంత కట్టాలో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.